ఒకే పని పట్టుకుంటే పేరొస్తుందా, పూట గడుస్తుందా?

ఐటీఐ చేసి ఏసీ, ఫ్రిజ్, వాషింగ్ మెషీన్, ఇంటి వైరింగ్ అన్నీ చేస్తున్నానని, అయినా ఎవరికీ గుర్తుండటం లేదని, ఒక్క పనికే అంకితమైతే పూట గడుస్తుందా అని అడిగారు. గడుస్తుంది. విజయవాడలో నేను చేసేది ఒకటే పని, ఇన్వర్టర్ ఏసీల్లో ఉండే ఎలక్ట్రానిక్ సర్క్యూట్ బోర్డుల రిపేరు. గ్యాస్ పట్టను, ఫిట్టింగ్‌కి వెళ్లను, సర్వీసింగ్ చేయను. మా మేనమామ ఇంట్లో ఏసీ నీళ్లు కారుతోందంటే వేరే మెకానిక్‌నే పంపాను.

పేరంటే కస్టమర్లలో రావాలని అందరూ అనుకుంటారు. మన లైన్‌లో అది ముందు తోటి మెకానిక్‌ల దగ్గర రావాలి. నేను ఇళ్లకు వెళ్లి సర్వీసింగ్ చేస్తే వాళ్లకు పోటీ అవుతాను. వెళ్లను కాబట్టి వాళ్లే బోర్డు విప్పి సంచిలో వేసుకుని నా దగ్గరకు వస్తారు. ఒక్కో మెకానిక్ వెనక ఎన్ని ఇళ్లుంటాయో మీకు తెలుసు. ఇంతకంటే మంచి పబ్లిసిటీ ఏ డబ్బుకీ రాదు.

ఈ పనే ఎందుకంటే, 2018 జనవరి నుంచి ఇన్వర్టర్ ఏసీలకూ మామూలు వాటికీ కరెంటు ఆదా చూపే స్టార్‌లు ఒకే లెక్కన ఇవ్వడం పెట్టారు. ఆ తర్వాత జనం ఇన్వర్టర్ వైపే వెళ్లారు. ఇందులో బయటి యూనిట్‌లో ఉండే బోర్డు కరెంటును డీసీ చేసి, మళ్లీ మూడు ఫేజులుగా మార్చి కంప్రెసర్‌కి ఇస్తుంది. పైన ఎండ, పక్కన వాన, లోపల బల్లులు, చీమలు. పోకుండా ఎలా ఉంటుంది? పైపులు, గ్యాస్ పనిలో చేయి తిరిగినవాళ్లు కూడా ఆ బోర్డు దగ్గరకు వచ్చేసరికి చేతులెత్తేస్తారు. నేను పట్టుకున్నది సరిగ్గా ఆ చోటునే.

ఒక మే నెలలో తెనాలి నుంచి ఒక మెకానిక్ పేపర్లో చుట్టి ఒక బోర్డు తెచ్చాడు. కంప్రెసర్ తిరగబోయి ఆగిపోతోంది, డిస్‌ప్లే మీద మాడ్యూల్ ఎర్రర్. "ఐపీఎం పోయిందన్నా, ముగ్గురు చూశారు, కొత్త బోర్డే అంటున్నారు" అన్నాడు. ఐపీఎం అంటే కంప్రెసర్‌ని నడిపే పెద్ద మాడ్యూల్. మల్టీమీటర్ డయోడ్ మోడ్‌లో పెట్టి, కంప్రెసర్‌కి వెళ్లే యు, వి, డబ్ల్యూ మూడు టెర్మినల్సూ చూశాను. మూడింట్లోనూ ఒకే రీడింగ్. మాడ్యూల్ పోతే అలా రాదు. షార్ట్ ఉన్నా బోర్డు కాలకుండా లైన్లో ఒక బల్బు (సీరీస్ బల్బు) పెట్టి కరెంటిచ్చి, మాడ్యూల్‌కి వెళ్లే 15 వోల్టుల లైన్ పట్టుకున్నాను. అక్కడ 11 దగ్గర ఊగుతోంది. సప్లై తగ్గితే మాడ్యూల్ తనను తాను కాపాడుకోవడానికి ఆగిపోతుంది, బయటికి అదే పోయినట్టు ఎర్రర్ చూపిస్తుంది. ఆ లైన్లో వోల్టేజీని ఊగకుండా నిలబెట్టే చిటికెన వేలి గోరంత కెపాసిటర్ ఎండిపోయింది. పైకి ఉబ్బలేదు, కారలేదు, అందుకే ఎవరి కంటా పడలేదు. పది రూపాయలు కూడా చేయని పార్టు అది. మార్చగానే 15 నిలబడింది. ఆ సాయంత్రమే తెనాలిలో ఏసీ ఆన్ అయింది. ఆ వేసవంతా తెనాలి బోర్డులు నా బెంచీ మీదకే వచ్చాయి.

అన్ని పనులూ చేసేవాడికి ఆ 15 వోల్టుల లైన్ తట్టదు. తెలివి లేక కాదు, రోజుకో రకం మెషీన్ చూస్తుంటే ఏ ఒక్క జబ్బూ చేతికి అలవాటు కాదు. ఆత్రేయపురం పేరు చెబితే పూతరేకులే గుర్తొస్తాయి, 2023లో జీఐ ట్యాగ్ కూడా వచ్చింది. అక్కడివాళ్లకు మిగతా స్వీట్లు చేయడం రాదా?

నన్ను మండించేది ఇంకొకటుంది. సర్వీస్ సెంటర్లు కాంపోనెంట్ మార్చవు, బోర్డే మార్చమంటాయి. సర్క్యూట్ డయాగ్రమ్ బయటివాడికి ఇవ్వరు. 2022 డిసెంబర్‌లో కేంద్రం, కంపెనీల రిపేరు సమాచారం జనానికి అందేలా రైట్ టు రిపేర్ పోర్టల్ తెచ్చింది, సంతోషం. కానీ నా బెంచీ మీద ఉన్న బోర్డుల డయాగ్రమ్‌లు చాలావరకు నేను బోర్డు మీది రాగి గీతలు (ట్రాక్‌లు) వెతుక్కుంటూ చేత్తో గీసుకున్నవే. ఆ నోటుబుక్కే ఇవాళ నా ఆస్తి. ఎన్ని విజిటింగ్ కార్డులు పంచినా అది రాదు. స్తంభాల మీద "అన్ని రకాల రిపేర్లు చేయబడును" అని అంటించే స్టిక్కర్లు చూస్తే బాధేస్తుంది, వాటిలో ఒక్కటైనా ఎవరికి గుర్తుంటుంది?

ఏది ఎంచుకోవాలో మీ ఊళ్లోనే తెలుస్తుంది. తోటివాళ్లు ఏ పని వస్తే "ఇది మా వల్ల కాదు" అని వదిలేస్తున్నారో కొన్నాళ్లు గమనించండి. అది వాషింగ్ మెషీన్ బోర్డు కావచ్చు, ఇంకేదైనా కావచ్చు. పట్టు దొరికేదాకా మిగతా పనులు మానకండి, ఇల్లు గడవాలిగా. మొదట్లో వచ్చే బోర్డులకు డబ్బుల దగ్గర పట్టుబట్టకండి, ప్రతి బోర్డు జబ్బూ రాసి పెట్టుకోండి. కరెంటు తీసేశాక కూడా పెద్ద కెపాసిటర్‌లో 300 వోల్టులకు పైగా ఉంటుంది, బల్బుతో డిశ్చార్జ్ చేశాకే చేయి పెట్టండి.