పాడేటప్పుడు హెడ్‌ఫోన్‌లో నా గొంతు ఆలస్యంగా వినిపిస్తోంది, లాప్‌టాప్ మార్చాలా?

లాప్‌టాప్ జోలికి వెళ్లకండి. మీరు రాసిన దాన్ని బట్టి ఐ5 ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్, ఒక యూఎస్‌బీ ఇంటర్‌ఫేస్ (మైకును, హెడ్‌ఫోన్‌ను లాప్‌టాప్‌కి కలిపే పెట్టె), కండెన్సర్ మైకు ఉన్నాయి. రీపర్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో కరోకే ట్రాక్ పెట్టుకుని పాడుతుంటే మీ గొంతు మీకే కాస్త ఆగి వినిపిస్తోంది, తాళం జారిపోతోంది. ఒక్క గొంతు రికార్డు చేసుకోవడానికి ఆ మెషీన్ చాలు, నిజానికి ఎక్కువే. నేనూ రెండేళ్ల కిందట ఇదే బాధ పడ్డాను. ఒక షాపులో ర్యామ్ పెంచితే పోతుందన్నారు, పెంచాను, డబ్బు పోయింది గానీ ఆలస్యం మాత్రం ఎక్కడికీ పోలేదు.

మా వదిన కర్ణాటక సంగీతం నేర్చుకుంది. ఇంట్లోనే నాలుగు అన్నమయ్య కీర్తనలు రికార్డు చేద్దామని కూర్చున్నాం, మే నెలలో, ఫ్యాన్ ఆపేసి, కిటికీలు మూసేసి. తొడ మీద ఆది తాళం వేసుకుంటూ పల్లవి ఎత్తుకుంది, రెండో ఆవర్తనం వచ్చేసరికి చెయ్యి ఒక దారి, గొంతు ఒక దారి. ఆపేసి హెడ్‌ఫోన్ తీసి "అబ్బాయ్, నా వెనకాల ఎవరో కూర్చుని వెక్కిరిస్తున్నట్టుంది" అంది. నేను పెట్టుకుని "హలో" అని చూశాను. నేను "లో" అనేటప్పటికి అక్కడ ఇంకా "హ" వస్తోంది. ఆమె అన్ని ఏళ్లు సాధన చేసిన మనిషి కాబట్టి తప్పు తనది కాదని వెంటనే పట్టేసింది, నేనైతే నాకు పాడటం రాదనే అనుకుని ఊరుకునేవాణ్ని.

ఈ ఆలస్యం ఎందుకొస్తుందంటే, బఫర్ అనేది షేర్ ఆటో లాంటిది, నిండితే గానీ కదలదు. మైకు నుంచి వచ్చే శబ్దాన్ని కంప్యూటర్ శాంపిళ్లుగా, అంటే చిన్న చిన్న అంకెల ముక్కలుగా పోగేసి, బఫర్ నిండాక ఒక్కసారి ముందుకు పంపుతుంది. సెకనుకు 44,100 శాంపిళ్ల రేటులో 512 శాంపిళ్ల బఫర్ నిండటానికి 11.6 మిల్లీసెకన్లు పడుతుంది. వెళ్లేటప్పుడు ఒకసారి, తిరిగి హెడ్‌ఫోన్‌కి వచ్చేటప్పుడు ఇంకోసారి, అంటే 23 అక్కడే అయిపోయాయి, డ్రైవర్ (ఇంటర్‌ఫేస్‌ను కంప్యూటర్‌తో మాట్లాడించే సాఫ్ట్‌వేర్) తీసుకునేది, ఇంటర్‌ఫేస్ లోపల పట్టేది దాని మీద అదనం. అదే 128 పెడితే ఒక్కో వైపు 2.9 మాత్రమే. మరి అందరూ 32 పెట్టుకోవచ్చుగా అంటే, ఆటో చిన్నదైతే ట్రిప్పులు ఎక్కువ తిరగాలి, ప్రాసెసర్ అందుకోలేకపోయిన చోటల్లా చిటపటలు వస్తాయి.

గిటార్ వాయించే స్నేహితుడు "10 మిల్లీసెకన్లు నాకు తెలియనే తెలియదు" అంటే అది నిజమే. ఆ కాసేపట్లో గాలిలో శబ్దం మూడున్నర మీటర్లు వెళ్తుంది, అతను ఆంప్లిఫయర్‌కి అంత దూరంలో నిలబడి వాయించడం మామూలే. పాడేవాళ్ల సంగతి వేరు. మీ గొంతు మీకు ఎముకల గుండా అప్పటికప్పుడే వినిపిస్తుంది, దాని మీద ఐదారు మిల్లీసెకన్లు ఆగిన రెండో గొంతు వచ్చి పడితే ఎకో లాగా కూడా ఉండదు, రేకు డబ్బాలో తల పెట్టి పాడినట్టుంటుంది. అందుకే గొంతు విషయంలో బఫర్ తగ్గించుకుంటూ కూర్చోవడం రెండో పని.

మొదటి పని ఏమిటంటే మీ గొంతును కంప్యూటర్ గుండా వినడం మానేయడం. మీ ఇంటర్‌ఫేస్ మీద డైరెక్ట్ మానిటర్ అనే బటన్ గానీ, ఒక పక్క ఇన్‌పుట్, ఇంకో పక్క ప్లేబ్యాక్ అని రాసున్న నాబ్ గానీ ఉందేమో చూడండి. దాన్ని ఆన్ చేస్తే మైకులోంచి వచ్చింది వచ్చినట్టు ఇంటర్‌ఫేస్ నుంచే హెడ్‌ఫోన్‌లోకి వెళ్తుంది, కంప్యూటర్ రికార్డు మాత్రం చేసుకుంటుంది. అయితే ఇది ఆన్ చేశాక రీపర్‌లో ఆ ట్రాక్ మీద ఉండే చిన్న స్పీకర్ బొమ్మను ఆఫ్ చేయాలి. నేను అది చేయలేదు, రెండు గొంతులూ కలిసి వినిపిస్తుంటే "ఈ బటన్ పనిచేయట్లేదు" అనుకుని ఒక సాయంత్రమంతా కేబుళ్లు మార్చుకుంటూ కూర్చున్నాను.

ఇందులో ఒక ఇబ్బంది ఉంది, గొంతు పచ్చిగా వినిపిస్తుంది. రివర్బ్, అంటే హాల్లో వచ్చే ప్రతిధ్వని లాంటిది లేకపోతే పాడబుద్ధి కాదని వదిన మొహం చిట్లించింది. దానికి నేను చేసింది చెప్తాను. స్పీకర్ బొమ్మను మళ్లీ ఆన్ చేసి, ఆ ట్రాక్ మీద రివర్బ్ ప్లగిన్ (రీపర్‌లో తగిలించుకునే చిన్న ప్రోగ్రాం) పెట్టి, అందులో డ్రై, అంటే అసలు గొంతు, పూర్తిగా సున్నా చేసి వెట్, అంటే రివర్బ్ మాత్రం ఉంచాను. అసలు గొంతు ఇంటర్‌ఫేస్ నుంచి నేరుగా వస్తుంది, రివర్బ్ ఒక్కటే కంప్యూటర్ నుంచి వస్తుంది. రివర్బ్ ఎలాగూ గోడకు తగిలి వెనక వచ్చేదే కదా, 20 మిల్లీసెకన్లు లేటైనా పెద్ద హాల్లో పాడుతున్నట్టుంటుందే తప్ప ఎవరికీ అడ్డం రాదు.

డైరెక్ట్ మానిటర్ లేదనుకోండి, లేదా గిటార్‌కి ఆంప్ ప్లగిన్ వేసుకుని దాని సౌండ్ వింటూ వాయించాలనుకోండి, అప్పుడు డ్రైవర్ దగ్గరికి వెళ్లాలి. విండోస్‌లో రీపర్ ఆడియో సెట్టింగ్స్‌లో ఆసియో (ASIO, తక్కువ ఆలస్యంతో పనిచేసే డ్రైవర్ రకం) ఎంచుకోండి, అందులో మీ ఇంటర్‌ఫేస్ తయారీదారు ఇచ్చిన డ్రైవర్‌నే పెట్టండి. ఆసియో ఫర్ ఆల్ (ASIO4ALL) అనేది సొంత డ్రైవర్ లేని వాటి కోసం, మీకు సొంతది ఉంటే అది అక్కర్లేదు. తర్వాత బఫర్ 128. చిటపటలు వస్తే 256, వైఫై ఆపి చూడండి, పవర్ ప్లాన్ హై పెర్ఫార్మెన్స్‌లో పెట్టండి. రికార్డింగ్ అయిపోయి మిక్సింగ్ మొదలెట్టాక మళ్లీ 1024 చేసేసుకోండి, అప్పుడు ఆలస్యంతో పని లేదు. శాంపిల్ రేటు 96,000కి పెంచమని కొందరు చెప్తారు, ఆలస్యం తగ్గేది నిజమే గానీ ప్రాసెసర్ మీద బరువు దాదాపు రెట్టింపవుతుంది, మనకెందుకు.

బఫర్ 64కి దించినా ఆలస్యం అలాగే ఉంటే మాస్టర్ ట్రాక్ (అన్ని ట్రాకులూ కలిసి బయటికి వెళ్లే చోటు) మీద ఏ ప్లగిన్లు పెట్టారో చూసుకోండి. ముందు చూపుతో పనిచేసే లిమిటర్లు (శబ్దం హద్దు దాటకుండా ఆపేవి), లీనియర్ ఫేజ్ అనే రకం ఈక్వలైజర్లు రాబోయే శబ్దాన్ని చూసుకోవడానికి కొంత ఆపి పంపుతాయి. నేను ఏదో వీడియో చూసి పెట్టిన లిమిటర్ ఒకటి మర్చిపోయి అక్కడే ఉండిపోయింది, తీసేయగానే సగం రోగం పోయింది. ఇక బ్లూటూత్ హెడ్‌ఫోన్ వాడుతుంటే పైవన్నీ వదిలేసి ముందు వైరుది తెచ్చుకోండి. అది ఒక్కటే వంద మిల్లీసెకన్లు దాటించగలదు, ఏ సెట్టింగూ దాన్ని కాపాడలేదు.

మీరు అడగలేదు గానీ చివర్లో "రికార్డయిన గొంతు కూడా ట్రాక్ కన్నా వెనక ఉన్నట్టుంది" అని రాశారు, అది వేరే జబ్బు. మైకు తీసేసి, హెడ్‌ఫోన్ కాకుండా ఇంటర్‌ఫేస్ అవుట్‌పుట్ నుంచి ఇన్‌పుట్‌కి ఒక కేబుల్ వేయండి, డైరెక్ట్ మానిటర్ ఆఫ్ చేసి, వాల్యూమ్ బాగా తగ్గించి. ఒక ట్రాక్‌లో మెట్రోనోమ్ క్లిక్ ప్లే చేస్తూ ఇంకో ట్రాక్‌లో దాన్నే రికార్డు చేయండి, రెండు క్లిక్కుల మధ్య తేడా జూమ్ చేసి కొలవండి. నాకు 270 శాంపిళ్లు వచ్చింది, అంటే 6 మిల్లీసెకన్లు. ఆ అంకెను ప్రిఫరెన్సెస్‌లో రికార్డింగ్ పేజీలో ఉండే మాన్యువల్ ఆఫ్‌సెట్‌లో వేసి మళ్లీ ఒకసారి రికార్డు చేసి చూడండి, క్లిక్కులు ఒకదాని మీద ఒకటి కూర్చోవాలి.

ఇవన్నీ చేశాక కూడా ఉంటే, రీపర్‌లో పైన కుడి మూలన కనిపించే అంకెల లైను ఉన్నదున్నట్టు ఇక్కడ పెట్టండి, బఫర్ ఎంతో, రానుపోను ఎంత పడుతోందో అందులోనే ఉంటుంది.