సిరియస్ బి రాతి గ్రహం ఎందుకు కాదంటే

సిరియస్ నక్షత్రానికి జంటగా ఉన్న సిరియస్ బి సైజు భూమంతే కదా, మరి రాతి గ్రహం అనరెందుకని మీ అబ్బాయి అడిగాడన్నారు. చాలా మంచి ప్రశ్నండీ. సైజు పక్కనపెట్టి బరువు చూడమనండి. భూమంత గోళంలో దాదాపు సూర్యుడంత పదార్థం కుక్కేసి ఉంది. చెంచాడు తీస్తే టన్నుల్లో తూగుతుంది!

భూమి ధూళి, రాళ్లు అతుక్కుని పెరిగింది. సిరియస్ బి మాత్రం ఇంధనం అయిపోయి, పై పొరలు వదిలేసుకున్న నక్షత్రం నడిబొడ్డు, అంటే శ్వేత కుబ్జం. కొత్తగా మండేదేమీ లేదు. పాత వేడితోనే 25,000 డిగ్రీల దగ్గర వెలుగుతోంది. నలిగిపోకుండా ఎలక్ట్రాన్ల ఒత్తిడి కాస్తోంది. బరువు సూర్యుడికి సుమారు 1.4 రెట్లు దాటితే ఆ ఒత్తిడి కూడా చాలదని లెక్కగట్టింది మన ఖగోళ శాస్త్రవేత్త సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖరే.

చలికాలం రాత్రి గొల్లకావిడి మూడు చుక్కల వెంట కిందికి చూపించండి, సిరియస్ ధగధగలాడుతూ కనిపిస్తుంది. పక్కనున్న బి మాత్రం కంటికి అందదు, 1862లో టెలిస్కోప్‌కే దొరికింది.