ప్లగ్-ఇన్ హైబ్రిడ్ కొంటున్న అమ్మాయికి: ఆ రెండు కాగితాల సంగతి

అమ్మాయీ,

ప్లగ్ పెట్టి ఛార్జ్ చేసుకునే బ్యాటరీ, పెట్రోలు ఇంజిన్ రెండూ ఉండే ప్లగ్-ఇన్ హైబ్రిడ్ కారు ఖాయం చేసుకున్నారని తెలిసి చాలా సంతోషించాను. షోరూం వాళ్లు ప్రీపెయిడ్ మెయింటెనెన్స్ (సర్వీసులకి ముందే డబ్బు కట్టే ప్యాకేజీ) ఒకటి, ఎక్స్‌టెండెడ్ వారంటీ (అసలు వారంటీ అయ్యాక కూడా రిపేర్లకి రక్షణ) ఒకటి, రెండు కాగితాలు ముందు పెట్టి, "లోన్‌లో కలిపేస్తాం మేడమ్, నెలకి పెద్ద తేడా తెలియదు" అన్నారని రాశావు. ఏం చేయమంటారు పెదనాన్నా అని అడిగావు. నా ఉద్యోగమంతా సర్వీస్ కౌంటర్ దగ్గరే గడిచింది కాబట్టి ఈ విషయంలో కాస్త గట్టిగానే చెబుతాను. డెలివరీ రోజున ఆ గదిలో కూర్చుని ఆ రెంటిమీదా సంతకం పెట్టకు.

అవి పనికిమాలినవని కాదు. ఆ రోజే తేల్చుకోవాల్సిన అవసరం లేదని. కార్ల కంపెనీలు సొంతంగా ఇచ్చే ఎక్స్‌టెండెడ్ వారంటీని చాలావరకు అసలు వారంటీ నడుస్తున్నన్నాళ్లూ ఎప్పుడైనా తీసుకోవచ్చు. కారు పాతబడేకొద్దీ రేటు కొంత పెరగొచ్చు, అంతే. "ఈ రేటు ఇవాళ్టికే" అన్నారంటే అది బేరానికి దిగే రేటని అర్థం. అదే కంపెనీ వారంటీని ఇంకో డీలరు తక్కువకి ఇవ్వడం నేను ఎన్నోసార్లు చూశాను. ఇక లోన్‌లో కలపడమంటావా, ఎప్పుడో పడబోయే ఖర్చుకి ఇవాళ్టినుంచే వడ్డీ కట్టడం. రేపు రద్దు చేసుకున్నా వాపసు డబ్బు మామూలుగా అప్పిచ్చినవాళ్లకే పోతుంది. అప్పు అసలు మొత్తం తగ్గుతుంది గానీ నెల వాయిదా తగ్గదు.

ముందు ఈ రెంటినీ విడదీసి చూడు. మెయింటెనెన్స్ అనేది ఎప్పుడు ఎంత అవుతుందో ముందే తెలిసిన ఖర్చు. వారంటీ అనేది వస్తుందో రాదో తెలియని ఖర్చుకి బీమా. ఒకదాన్ని లెక్క వేసి తేల్చాలి, రెండోదాన్ని మీ పరిస్థితి చూసి తేల్చాలి. అమ్మేవాళ్లు కావాలనే రెండూ కలిపి ఒకే నెలవారీ అంకె చూపిస్తారు.

మెయింటెనెన్స్ సంగతి ముందు చెబుతాను. కారుతోపాటు ఇచ్చే పుస్తకంలో సర్వీస్ షెడ్యూల్ ఉంటుంది. షోరూం వాళ్లు అచ్చువేసి ఇచ్చే రంగుల కాగితం కాదు, కంపెనీ పుస్తకమే చూడు. మొదటి ఏడాది ఏం చేయాలి, రెండో ఏడాది ఏం చేయాలి అని ఒక తెల్లకాగితం మీద రాసుకో. రాస్తుంటే నీకే ఆశ్చర్యమేస్తుంది, మొదటి నాలుగైదేళ్లలో చేయాల్సింది ఎంత తక్కువో. ఏడాదికోసారి ఆయిల్, టైర్లు ముందువి వెనక్కి మార్చడం, ఏసీ ఫిల్టర్, మధ్యలో ఒకసారో రెండుసార్లో బ్రేక్ ఆయిల్. స్పార్క్ ప్లగ్గులు, కూలెంట్ లాంటి ఖర్చున్న పనులు చాలా కార్లలో లక్ష కిలోమీటర్లు దాటాకగానీ రావు. అప్పటికి ప్యాకేజీ గడువు ఎప్పుడో అయిపోయి ఉంటుంది.

రోజూ ఛార్జింగ్ పెట్టుకుని ఆఫీసుకి వెళ్లొస్తే ఇంజిన్ వారాల తరబడి తిరగకపోవచ్చు. "తిరగని ఇంజిన్‌కి ఆయిల్ ఎందుకండీ మార్చడం" అని కౌంటర్ దగ్గర చాలామంది అడిగేవాళ్లు. న్యాయమైన ప్రశ్నే. ఇంజిన్ అప్పుడప్పుడు ఐదు నిమిషాలు తిరిగి ఆగిపోతే ఆయిల్ సరిగా వేడెక్కదు. అందులో చేరిన తేమ, కాలని పెట్రోలు ఆవిరైపోకుండా అక్కడే ఉండిపోతాయి. అందుకే కిలోమీటర్లతోపాటు నెలల గడువు కూడా పెడతారు. అమెరికాలో టొయోటా ప్రియస్ ప్లగ్-ఇన్‌కి 10,000 మైళ్లు లేదా 12 నెలలు, ఏది ముందైతే అది. షెవర్లే వోల్ట్‌లో ఆయిల్ జీవితాన్ని కారే లెక్కగట్టేది, ఎంత తక్కువ తిరిగినా రెండేళ్లు దాటనిచ్చేది కాదు. ఇంజిన్‌ని మరీ ఎక్కువకాలం వాడకపోతే ఆ కారు తనంతట తనే కాసేపు తిప్పుకునేది, ట్యాంకులో పెట్రోలు పాతబడితే కాల్చేసుకునేది. కాబట్టి ఆయిల్ మాత్రం మానొద్దు. కాకపోతే ఏడాదికి ఒక్క ఆయిల్ మార్పు కోసం ముందుగా అంత డబ్బు కట్టాలా అన్నదే ప్రశ్న.

బ్రేకుల గురించి ప్రత్యేకంగా చెప్పాలి, ప్యాకేజీల డొల్లతనం అక్కడే బయటపడుతుంది. ఈ కార్లలో వేగం తగ్గించే పని చాలావరకు మోటారే చేసి, ఆ శక్తిని బ్యాటరీలోకి పంపుతుంది. ప్యాడ్లు పెద్దగా అరగవు. అది మంచిదే. కానీ వాడకం లేక డిస్కుల మీద తుప్పు పడుతుంది, ప్యాడ్లని డిస్కుకి నొక్కే క్యాలిపర్ జారే పిన్నులు బిగుసుకుపోతాయి. చక్రం విప్పి చూస్తే బయటి ప్యాడ్ కొత్తదిలా ఉంటుంది, లోపలిది మాత్రం ఏటవాలుగా అరిగిపోయి ఉంటుంది. పిన్ను బయటికి తీసి, శుభ్రం చేసి, గ్రీజు పెడితే పోయేదానికి చివరికి డిస్కు, ప్యాడ్లు, క్యాలిపర్ మొత్తం మార్చాల్సి వస్తుంది. ఇప్పుడు ఆ ప్యాకేజీ కాగితంలో బ్రేకుల దగ్గర ఏం రాసుందో చూడు. "తనిఖీ" అని ఉంటుంది. తనిఖీ అంటే చూడటం, పని చేయడం కాదు. "క్యాలిపర్ పిన్నులు శుభ్రం చేసి గ్రీజు పెట్టడం ఇందులో ఉందా" అని సూటిగా అడుగు, ఉందంటే కాగితం మీద రాయించు. కొన్ని మోడళ్లలో బ్యాటరీని చల్లబరచడానికి వెనక సీటు పక్కనున్న జాలీలోంచి క్యాబిన్ గాలినే లాక్కుంటారు. ఆ జాలీకి ఉండే ఫిల్టర్ దుమ్ము పట్టి మూసుకుపోతే బ్యాటరీ వేడెక్కుతుంది. మీ కారు అలాంటిదైతే దాని శుభ్రత కూడా ప్యాకేజీలో ఉందో లేదో అడుగు.

ఇక లెక్క. నువ్వు రాసుకున్న పనులకి ఒక్కోదానికి ఎంతవుతుందో సర్వీస్ విభాగంలో అడుగు, సేల్స్ వాళ్లని కాదు. కంపెనీ ఎలాగూ ఉచితంగా ఇచ్చే సర్వీసులు తీసేయి. టొయోటా అయితే అమెరికాలో కొత్త కారుకి 2 ఏళ్లు లేదా 25,000 మైళ్ల దాకా షెడ్యూల్ సర్వీస్ ఉచితంగానే ఇస్తుంది. ప్యాకేజీ కూడా ఆ రెండేళ్లనే లెక్కలో వేసుకుంటే ఒకే పనికి రెండుసార్లు కట్టినట్టు. మిగిలిన మొత్తం కంటే ప్యాకేజీ స్పష్టంగా తక్కువై, ఆ కాలమంతా అదే ఊళ్లో ఉంటామన్న నమ్మకం ఉంటే తీసుకో. కాస్తోకూస్తో తేడా అయితే వదిలేయి. వాడుకోని సర్వీసులకి గడువు దాటితే డబ్బు తిరిగి రాదు. నా లెక్క ప్రకారం ప్లగ్-ఇన్ హైబ్రిడ్‌కి ఇది కలిసిరావడం అరుదు.

ప్యాకేజీ తీసుకోకపోతే వారంటీ పోతుందని భయపెడితే నమ్మకు. వారంటీకి కావాల్సింది సర్వీస్ సమయానికి జరగడం, దానికి రుజువు ఉండడం. అమెరికాలో 1975 నుంచే దీనికి చట్టం ఉంది. ఫలానా చోటే చేయించాలని, ఫలానా బ్రాండు విడిభాగాలే వాడాలని కంపెనీ షరతు పెట్టకూడదు, అవి ఉచితంగా ఇస్తే తప్ప. ఎక్కడ చేయించినా బిల్లు మీద తేదీ, రీడింగ్, వాడిన ఆయిల్ గ్రేడు రాయించుకుని దాచు.

ఎక్స్‌టెండెడ్ వారంటీ విషయం ఇంత సులువు కాదు. అమ్మేటప్పుడు ముందు బ్యాటరీ పేరెత్తుతారు. "బ్యాటరీ పోతే ఎంతవుతుందో తెలుసా మేడమ్" అని. నిజానికి కారు మొత్తంలో ఎక్కువకాలం వారంటీ ఉండేవాటిలో ఆ బ్యాటరీ ఒకటి. చాలా కంపెనీలు 8 ఏళ్లు లేదా 1,60,000 కిలోమీటర్లు ఇస్తున్నాయి. టొయోటా అమెరికాలో 2020 మోడళ్ల నుంచి హైబ్రిడ్ బ్యాటరీకి 10 ఏళ్లు లేదా 1,50,000 మైళ్లు ఇస్తోంది. అంటే ముందే కాపలా ఉన్న ఇంటికి ఇంకో కాపలావాణ్ణి అమ్ముతున్నారన్నమాట. పైగా బ్యాటరీ ఏటేటా కొంచెం కొంచెం బలం తగ్గడాన్ని ఎక్స్‌టెండెడ్ ఒప్పందాలు సాధారణంగా ఒప్పుకోవు. పూర్తిగా చెడిపోతేనే వాళ్ల లెక్క.

నిజంగా భయపడాల్సింది మధ్యలో ఉండే వాటి గురించి. మామూలు వారంటీ మూడేళ్లకో ఐదేళ్లకో అయిపోతుంది, బ్యాటరీ వారంటీ ఎనిమిదో పదో ఏళ్లు ఉంటుంది. ఆ మధ్యకాలంలో ఏ గొడుగు కిందికీ రాని భాగాలుంటాయి. ఇంటి కరెంటుని బ్యాటరీకి మార్చి ఇచ్చే ఆన్‌బోర్డ్ ఛార్జర్, ఛార్జింగ్ పోర్టు తాళం, కరెంటుతో నడిచే ఏసీ కంప్రెసర్, కూలెంట్ పంపులు, టచ్ స్క్రీన్, రాడార్, కెమెరాలు. బ్యాటరీ కరెంటుని మోటారుకి తగ్గట్టు మార్చే ఇన్వర్టర్‌ని కొన్ని కంపెనీలు హైబ్రిడ్ భాగాల వారంటీలో కలుపుతాయి, ఆన్‌బోర్డ్ ఛార్జర్ దగ్గర ఒక్కో కంపెనీది ఒక్కో పద్ధతి. వారంటీ పుస్తకంలో భాగాల పేర్లతో జాబితా ఉంటుంది. పెన్సిల్ పట్టుకుని ఒక్కొక్కటీ టిక్కు పెట్టుకో. టిక్కు పడనివే నువ్వు బీమా కొనాలా వద్దా అని ఆలోచించాల్సినవి.

కంప్రెసర్ ఒక్కటి వివరంగా చెబుతాను. చాలా మోడళ్లలో అది మనల్నే కాదు, బ్యాటరీనీ చల్లబరుస్తుంది. హై వోల్టేజీ మీద నడుస్తుంది, కాబట్టి అందులో పోసే నూనె కరెంటు పారనివ్వని రకం కావాలి. తెలియని మెకానిక్ మామూలు కార్ల ఏసీ నూనె పోస్తే ఇన్సులేషన్ దెబ్బతిని కారు హెచ్చరిక దీపం వెలిగిస్తుంది. నూనె పైపులన్నిటికీ పాకి ఉంటుంది కాబట్టి కంప్రెసర్‌తోపాటు మిగతా భాగాలూ మార్చాల్సి రావచ్చు. అలా చెడి మా కౌంటర్‌కి వచ్చిన కారు ఒకటి నాకు బాగా గుర్తుంది. ఆ కారు యజమాని దగ్గర బయటి సంస్థ ఇచ్చిన ఎక్స్‌టెండెడ్ వారంటీ ఉంది. "ముందు అనుమతి తీసుకోకుండా వేరే చోట విప్పారు" అన్న ఒక్క వాక్యంతో క్లెయిమ్ తోసేశారు. ఆ వాక్యం ఒప్పందంలో మొదటినుంచీ ఉంది, ఆయనకి ఎవరూ చూపించలేదు.

అందుకే తీసుకుంటే కార్ల కంపెనీ సొంత వారంటీయే తీసుకో. హై వోల్టేజీ పనిలో శిక్షణ ఉన్నవాళ్లు ఉండేది ఎక్కువగా అధీకృత సర్వీస్ సెంటర్లలోనే. అక్కడ బిల్లు సమస్య లేకుండా చెల్లేది కంపెనీ ఒప్పందమే. బయటి సంస్థలు మూతపడ్డ సందర్భాలూ ఉన్నాయి, కొన్నవాళ్ల చేతిలో ఉత్త కాగితం మిగిలింది.

ఒప్పందం చదివేటప్పుడు మొదటి పేజీ వదిలేసి మినహాయింపుల దగ్గర మొదలుపెట్టు. "వీటికి తప్ప అన్నిటికీ" అనే ఒప్పందం మంచిది. "వీటికి మాత్రమే" అని జాబితా ఇచ్చేదాంట్లో ఛార్జింగ్ భాగాల పేర్లు ఉన్నాయో లేదో చూడు, పెట్రోలు కార్ల కోసం రాసిన పాత జాబితాలు ఇంకా తిరుగుతున్నాయి. తర్వాత కాలం ఎప్పటినుంచి లెక్కో చూడు. "ఏడేళ్లు" అంటే అసలు వారంటీ అయ్యాక ఏడేళ్లు అనుకుంటాం. చాలావాటిలో అది కారు మొదట రోడ్డెక్కిన రోజు నుంచే మొదలవుతుంది. మూడేళ్ల వారంటీ ఉన్న కారుకి నువ్వు కొంటున్నది నిజానికి నాలుగేళ్లే. రిపేరు వచ్చినప్పుడు నువ్వు కట్టాల్సిన వాటా ఒక్కో రాకకా, ఒక్కో భాగానికా అన్నది కూడా అడుగు. ఒకేసారి మూడు భాగాలు పోతే ఆ తేడా బాగా తెలుస్తుంది. విడిభాగం రావడానికి వారాలు పట్టొచ్చు కాబట్టి అద్దె కారు ఎన్ని రోజులిస్తారో చూసుకో. అమ్మితే కొత్త యజమానికి బదిలీ అవుతుందా అనీ అడుగు. తయారీలోపం వల్ల కంపెనీ రీకాల్ చేస్తే ఏ వారంటీ లేకపోయినా ఉచితంగానే బాగుచేస్తారు, దాన్ని ఈ లెక్కలో కలపకు.

మీ విషయానికొస్తాను. మూడేళ్లకో నాలుగేళ్లకో మార్చేసేవాళ్లయితే అసలు వద్దనేవాణ్ణి. పిల్లాడి చదువు అయ్యేదాకా ఈ కారే అన్నావు, ఇంట్లో ఇదొక్కటే కారు, అల్లుడుగారు రోజూ చాలా దూరం వెళ్లొస్తారు. ఒక్కసారిగా పెద్ద బిల్లు పడితే ఇబ్బందే. ఇలాంటి ఇంటికి కంపెనీ వారంటీ పొడిగించుకోవడం తప్పుకాదు. కానీ ఇప్పుడు కాదు. మామూలు వారంటీ అయిపోవడానికి నాలుగైదు నెలల ముందు, కిలోమీటర్ల పరిమితి ముందే అయిపోయేలా ఉంటే ఇంకా ముందు. అప్పటికి ఈ మోడల్‌లో ఏవి తరచు పోతున్నాయో బయటపడుతుంది, మీ కారు తీరూ మీకు తెలుస్తుంది. ఈలోగా ఆ ప్యాకేజీకి కట్టమన్న డబ్బుని నెలనెలా విడిగా ఒక ఖాతాలో వేస్తూ రండి. మూడేళ్లయ్యేసరికి ఆ ఖాతాలో ఎంత చేరిందో చూసుకుని, అది ఒక ఛార్జరో కంప్రెసరో మార్చడానికి సరిపోతుందనిపిస్తే వారంటీ కొనకుండానే ఉండొచ్చు. ఆ డబ్బు వాడకపోతే మీదే. ఫోన్‌లో వారంటీ అయిపోయే తేదీ గుర్తు పెట్టుకో, అది మర్చిపోతే మాత్రం అవకాశం పోతుంది.

ఇంకొక్క సంగతి. బుకింగ్ రోజున అల్లుడుగారు చాలా కాగితాల మీద సంతకాలు చేశారన్నావు. వాటిలో ఈ రెండూ ఇప్పటికే కలిపేశారేమో ఒకసారి చూడు, లోన్ మొత్తం కారు ధర కంటే ఎక్కువగా కనిపిస్తే అనుమానించు. కలిపి ఉన్నా కంగారు పడకు. ఇలాంటి ఒప్పందాల్లో సాధారణంగా మొదటి కొన్ని వారాల్లో, క్లెయిమ్ ఏదీ చేయకుండా రద్దు చేసుకుంటే పూర్తి డబ్బు వాపసిస్తారు. తర్వాతైతే వాడిన కాలం మినహాయించుకుని ఇస్తారు. ఫోన్‌లో చెప్పి ఊరుకోకుండా రాతపూర్వకంగా ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకో. వారంటీ పుస్తకంలో భాగాల జాబితా, ఒప్పందంలో మినహాయింపుల పేజీ ఫోటోలు తీసి పంపు. ఆదివారం కూర్చుని చదివి, ఎక్కడెక్కడ అడగాలో గుర్తులు పెట్టి పంపుతాను.

పిల్లాడికి ముద్దులు, అల్లుడుగారికి ఆశీస్సులు.

మీ పెదనాన్న