బండి బోల్తా భయానికి ఎంత ఖర్చు పెట్టాలి?

ప్రశ్న: ఎనిమిది నెలల క్రితం ఏడు సీట్ల సెకండ్ హ్యాండ్ ఎస్‌యూవీ కొన్నాం. ట్రక్కు ఛాసిస్ మీద కట్టిన బండి, వయసు పదకొండేళ్లు. ఇద్దరు పిల్లలు, అత్తగారు, మామగారు, మేమిద్దరం అందరం కలిసి వెళ్లొచ్చని తీసుకున్నాం. మొన్న మలుపులో కుక్క అడ్డం వస్తే మావారు స్టీరింగ్ గట్టిగా తిప్పారు. బండి ఒక పక్కకి బాగా ఒరిగి, మళ్లీ నిలదొక్కుకుంది. ఆ రోజు నుంచి దాన్లో ఎక్కాలంటే నాకు టెన్షన్. గట్టి స్టెబిలైజర్ బార్లు, కొత్త స్ప్రింగులు, వెడల్పు చక్రాలు ఉన్న కిట్టు వేయిస్తే సరిపోతుందని మా మరిది అంటున్నాడు. బిగింపుతో కలిపి బండి కొన్న ధరలో మూడో వంతు అవుతుంది. అత్యవసరాలకి దాచిన డబ్బు మూడు నెలల ఇంటి ఖర్చుకి వస్తుంది. అందులోంచి తీయమంటారా, పర్సనల్ లోన్ తీసుకోమంటారా?

జవాబు: రెండూ వద్దండి. ఆ కిట్టుకి ఇప్పుడు డబ్బు పెట్టకండి. మీ భయం మాత్రం ఉత్తిది కాదు, దాన్ని కొట్టిపారేయను. ఎత్తుగా ఉండే బండి కారు కంటే తేలిగ్గా బోల్తా పడుతుంది. ఎందుకో లెక్క వేసి చూస్తే, మీ డబ్బు ఎటు పోవాలో కూడా అందులోనే తెలుస్తుంది.

ఇంజనీర్లు చూసేది ముఖ్యంగా రెండు కొలతలు. ఎడమ, కుడి చక్రాల మధ్య దూరం ఒకటి. బండి బరువంతా ఒక్కచోట ఉందనుకుంటే ఆ చోటు నేల నుంచి ఎంత ఎత్తులో ఉందన్నది రెండోది. మొదటిదాన్ని రెండోదానికి రెట్టింపుతో భాగిస్తే వచ్చే అంకె ఎంత పెద్దదైతే బండి అంత నిలకడ. మామూలు కార్లకి ఇది 1.3 నుంచి 1.5 దాకా వస్తుంది. ఎస్‌యూవీలు, పికప్‌లు ఎక్కువగా 1.0కి, 1.3కి మధ్య ఉంటాయి.

మీ బండి కొలతలు నా దగ్గర లేవు కాబట్టి ఒక ఊహా బండి తీసుకుందాం. చక్రాల మధ్య 150 సెంటీమీటర్లు, బరువు కేంద్రం 70 సెంటీమీటర్ల ఎత్తు. అంకె 1.07. వెడల్పు చక్రాలతో ఒక్కో పక్క 3 సెంటీమీటర్లు బయటికి జరిపామనుకోండి, అది 1.11 అవుతుంది. కొంచెం మేలే. కానీ ఆ కిట్టులోని స్ప్రింగులు బండిని 5 సెంటీమీటర్లు లేపే రకమైతే, దాదాపు అంత ఎత్తుకీ బరువు కేంద్రం కూడా లేస్తుంది. అప్పుడు వెడల్పు చక్రాలు వేసినా అంకె 1.04. డబ్బు పెట్టి ముందున్న దానికంటే తక్కువకి దిగారన్నమాట. మీ మరిదిని ముందు ఇదొక్కటి అడగండి: ఆ స్ప్రింగులు బండిని లేపుతాయా, ఉన్న ఎత్తులోనే ఉంచుతాయా?

ఇక స్టెబిలైజర్ బారు, అంటే ఎడమ, కుడి చక్రాల వైపుల్ని కలిపే ఉక్కు కడ్డీ. అది మలుపులో బాడీ ఒరగడాన్ని తగ్గిస్తుంది, స్టీరింగ్ చేతికి గట్టిగా అనిపిస్తుంది. కానీ బరువు ఎత్తూ మార్చదు, చక్రాల దూరమూ పెంచదు. పైగా వెనక బారు మరీ గట్టిదైతే ముందు వెనకల సమతూకం మారి, అదాటున తిప్పినప్పుడు తోక పక్కకి జారే గుణం వస్తుంది. బండి ఒరగడం తగ్గిందన్న ధైర్యంతో డ్రైవరు స్పీడు పెంచితే మొదటికే మోసం. ఇంకో సంగతి: ఒక్క బండే చిక్కుకున్న బోల్తాల్లో అత్యధికం రోడ్డు మీద ఒరిగి పడ్డవి కావు. చక్రం అంచు దిగి మెత్తటి మట్టిలో కూరుకోవడమో, కాలిబాట గట్టుకి పక్కగా తగలడమో జరిగి పల్టీ కొట్టినవి. అక్కడ ఏ బారూ అడ్డుపడదు.

అదే ఊహా బండి, బరువు 2,000 కిలోలు. టాప్ మీద కారియర్ పెట్టి 100 కిలోల సామాను కట్టాం. సామాను నేల నుంచి 190 సెంటీమీటర్ల ఎత్తులో ఉంది. బరువు కేంద్రం 70 నుంచి దాదాపు 76కి వెళ్తుంది, అంకె 1.0 కిందికి జారుతుంది. వెడల్పు చక్రాలు ఇచ్చే మేలు కంటే నెత్తి మీది మూటలు చేసే కీడే ఎక్కువ. ఆ కారియర్ విప్పేయడానికి పైసా ఖర్చు లేదు. బరువు సామాను లోపల, కింద, వీలైనంత ముందుకి సర్ది, తాడుతో కట్టండి.

ఇప్పుడు డబ్బు సంగతి. పాత బండికి పెట్టే ఖర్చు రెండు రకాలు. అరిగిపోయినదాన్ని మొదట్లో ఉన్నట్టు చేసేది ఒకటి, మొదట్లో లేనిదాన్ని తగిలించేది రెండోది. మొదటి రకానికి ఎప్పుడూ ముందు వరస. పదకొండేళ్ల బండిలో షాక్ అబ్జార్బర్లు, బుష్‌లు (చక్రాల కీళ్ల దగ్గరుండే రబ్బరు తొడుగులు) మార్చిన దాఖలా లేకపోతే మొన్న అంతగా ఒరగడానికి సగం కారణం అక్కడే ఉండొచ్చు. బండి కిందికి వంగి షాక్ అబ్జార్బర్ గొట్టం చూడండి. నూనె కారి దుమ్ము అంటుకుని నల్లగా ఉంటే దాని పని అయిపోయినట్టే. బుష్ రబ్బరు చిట్లిందా, చక్రాన్ని అటూ ఇటూ తిరగనిచ్చే బాల్ జాయింట్ వదులై ఆడుతోందా అన్నది మెకానిక్ బండిని లిఫ్ట్ ఎక్కించి చూపించాలి. చూపించమనే అడగండి, నోటిమాట తీసుకోకండి. నేనోసారి బుష్ చిరిగి ఉందని తెలియక రెండు సార్లు వీల్ అలైన్‌మెంట్ చేయించాను. రెండు సార్లూ డబ్బు దండగ. బుష్ మార్చాక మూడోసారి నిలిచింది. సలహాలిచ్చేవాడికీ పాఠాలు తప్పవు.

టైర్ల విషయంలో మాత్రం పొదుపు చేయకండి. పక్క గోడ మీద డీఓటీ అనే అక్షరాలుండే వరస చివర నాలుగంకెలు ఉంటాయి. 2317 అని ఉంటే అది 2017లో 23వ వారం తయారైంది. కొన్ని టైర్లకి ఈ అంకెలు లోపలి వైపు ఉంటాయి, టార్చి వేసి చూడాలి. పైకి గాడులు బాగానే కనిపించినా రబ్బరు వయసుతో గట్టిపడుతుంది. గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకి వచ్చిందంటే ఇంక చర్చ లేదు. గాలి ఎంతుండాలో డ్రైవరు తలుపు దగ్గర అంటించిన చీటీలో చూడండి. టైరు మీద రాసింది గరిష్ఠం, మీకు కావలసింది అది కాదు. 2000 ఆగస్టులో ఫైర్‌స్టోన్ 65 లక్షల టైర్లు వెనక్కి పిలిచిన సంగతి పాతవాళ్లకి గుర్తుండే ఉంటుంది. వాటిలో చాలా వరకు ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్లకి వేసినవే. వేగంలో ట్రెడ్, అంటే రోడ్డుకి తగిలే గాడుల పొర, ఊడిపోయి బళ్లు పల్టీలు కొట్టాయి. తక్కువ గాలి, వేడి, ఎక్కువ బరువు కలిస్తే టైరు ఏమవుతుందో ప్రపంచానికి అప్పుడు తెలిసింది.

ఈ పనులన్నీ కలిపినా మీ మరిది చెప్పిన కిట్టు కంటే బాగా తక్కువలో తేలే అవకాశం ఉంది. ఒకేసారి కాకుండా మూడు నెలల జీతాల్లోంచి వరసగా చేయించుకోండి: మొదటి నెల టైర్లు, రెండో నెల షాక్ అబ్జార్బర్లు, మూడో నెల బుష్‌లు, వాటి తర్వాతే అలైన్‌మెంట్. టైర్లు బాగా పాతవైతే ఆ ఒక్కదానికి దాచిన డబ్బులోంచి కొంత తీసినా తప్పు లేదు, అదీ అత్యవసరమే. మిగతాది ముట్టుకోకండి. ఆరుగురున్న ఇంటికి మూడు నెలల నిల్వే తక్కువ.

పర్సనల్ లోన్ ఎందుకు వద్దన్నానంటే, అప్పు చేసి కొన్న కిట్టు అమ్మేటప్పుడు తిరిగి రాదు. బండి విలువ ఏటా తగ్గుతుంది, కిట్టు విలువ బిగించిన రోజే తగ్గుతుంది. కొనేవాడు మార్చిన సస్పెన్షన్ చూసి, దీన్ని ఎక్కడెక్కడ తిప్పారో అని ఇంకా బేరమాడతాడు. ఇన్సూరెన్స్ కంపెనీకి చెప్పకుండా మార్పులు చేయిస్తే క్లెయిమ్ రోజున పేచీ పెట్టడానికి వాళ్లకి దారి మీరే ఇచ్చినట్టు. ఎప్పుడైనా చేయించదలిస్తే ముందు వాళ్లకి రాతపూర్వకంగా తెలపండి, రిజిస్ట్రేషన్ నిబంధనలు ఒప్పుకుంటాయో లేదో కనుక్కోండి.

అసలు తేల్చుకోవాల్సింది ఇంకోటుంది. మీ బండికి ఎలక్ట్రానిక్ స్టెబిలిటీ కంట్రోల్ ఉందా? బండి అదుపు తప్పబోతున్నప్పుడు ఒక్కో చక్రానికి విడిగా బ్రేకు వేసి దారిలో పెట్టే ఏర్పాటు ఇది. 1997లో స్వీడన్‌లో ఒక పత్రికవాళ్లు మెర్సిడెస్ ఏ-క్లాస్‌ని సరిగ్గా మీవారు తిప్పినట్టే ఒక పక్కకి తిప్పి మళ్లీ ఇవతలికి తెస్తే అది బోల్తా పడింది. కంపెనీ సస్పెన్షన్ సవరించింది, దాంతో ఊరుకోకుండా ఈ కంట్రోల్‌ని కూడా ఆ మోడల్‌లో ప్రతి బండికీ పెట్టింది. అమెరికాలో 2012 మోడళ్ల నుంచి కార్లకి, ఎస్‌యూవీలకి, పికప్‌లకి ఇది తప్పనిసరి చేశారు. ఎత్తైన బళ్లు పల్టీ కొట్టకుండా ఆపడంలో దీనికి సాటి వచ్చే విడి సామాను బజార్లో లేదు. మెకానిక్ తర్వాత బిగించేది కూడా కాదు, ఫ్యాక్టరీలోనే రావాలి.

బండిలో ఇది లేదని తేలితే కిట్టుకి అనుకున్న మొత్తాన్ని పన్నెండు భాగాలు చేసి నెలనెలా రికరింగ్ డిపాజిట్‌లో వేయండి. ఏడాది తర్వాత ఈ బండి అమ్మిన డబ్బుకి అది కలిపి, ఈ కంట్రోల్‌తో పాటు పక్క కిటికీల మీద తెరలా దిగే కర్టెన్ ఎయిర్‌బ్యాగులు కూడా ఉన్న బండి చూడండి. ఏడు సీట్లే కావాలన్న పట్టుదల ఉంటే, ఛాసిస్ లేకుండా కారులా ఒకే బాడీగా కట్టిన, కాస్త కిందికి ఉండే రకాలూ దొరుకుతాయి.

ఈలోగా సీటు బెల్టులు. బోల్తాలో బయటికి విసిరేయబడ్డవాళ్లు బతకడం కష్టం, విసిరేయబడేది ఎక్కువగా బెల్టు లేనివాళ్లే. మూడో వరసలో బెల్టు బకిల్ సీటు సందులోకి పోయి కనిపించకపోవడం పాత బళ్లలో మామూలే. ఇవాళే చెయ్యి పెట్టి బయటికి లాగండి, ఆరూ పనిచేస్తున్నాయో లేదో గట్టిగా గుంజి చూడండి.

రేపు పొద్దున తాళం తిప్పి, ఇంజన్ స్టార్ట్ చేయకుండా మీటర్ల వైపు చూడండి. వెనక వంకర టింకర గీతలున్న చిన్న కారు బొమ్మ పసుపు రంగులో వెలిగి, కాసేపటికి ఆరిపోతే మీ బండికి ఆ కంట్రోల్ ఉంది, టైర్లూ షాక్ అబ్జార్బర్లూ మార్పించుకుని అందులోనే తిరగండి. ఇంజన్ స్టార్ట్ చేశాక కూడా ఆరకపోతే ఉంది కానీ చెడి ఉండొచ్చు, టైర్ల కంటే ముందు దాన్నే చూపించి బాగు చేయించండి. అసలు వెలగకపోతే మాన్యువల్‌లో మీ వేరియంట్ పేజీ తీసి చూడండి, ఒకే మోడల్‌లో కింది వేరియంట్లకి అది ఇవ్వని కంపెనీలు చాలా ఉన్నాయి. అక్కడా లేకపోతే రికరింగ్ డిపాజిట్ ఈ నెలే మొదలుపెట్టండి.