గట్టిపడిన నేలకు ముందు కావాల్సింది నీరు

నేల పైపొర రాయిలా గట్టిపడిందని, పడిన వాన పడినట్టే జారిపోతోందని, ఎరువుకు డబ్బు లేదని రాశారు. టెన్షన్ పడకండి. పశ్చిమ ఆఫ్రికాలోని బుర్కినా ఫాసోలో ఇలాంటి బీళ్లనే ‘జాయ్’ గుంటలతో సాగులోకి తెచ్చారు. 1980ల్లో యాకూబా సవడోగో అనే రైతు ఈ పాత పద్ధతిని మెరుగుపరిచి చూపించారు.

వానలకు ముందే, నేల ఎండి ఉన్నప్పుడే, 20-30 సెంటీమీటర్ల వెడల్పు, 15-20 సెంటీమీటర్ల లోతు ఉండే గుంటలు తవ్వండి. తీసిన మట్టిని పల్లం వైపు అర్ధచంద్రాకారంలో గట్టులా వేస్తే, పైనుంచి పారే నీరు గుంటలోనే ఆగుతుంది. ఒక్కో గుంటలో రెండు మూడు గుప్పెళ్లు చివికిన పశువుల ఎరువు వేయండి. పొలమంతా చల్లేంత ఎరువు లేనివాళ్లకు ఇదే పెద్ద మేలు. చెదలు చేరితే కంగారుపడి మందు కొట్టొద్దు, అవి తొలిచిన దారుల గుండానే నీరు లోపలికి ఇంకుతుంది. తొలి మంచి వానకు గుంటల్లోనే జొన్నో సజ్జో విత్తండి.

తవ్వడం మాత్రం ఒళ్లు హూనమయ్యే పని. అందుకే మొదటి ఏడాది పొలంలో చిన్న ముక్కతో మొదలుపెట్టండి. ఇసుక నేలైతే గుంటలు పూడిపోతాయి, నీరు నిలిచే పల్లమైతే వేర్లు కుళ్లుతాయి. ఆ రెండు చోట్లా ఇది వద్దు.