ఐస్‌లాండ్ ఆటగాళ్ల దారి మీ బాబుకు ఎంతవరకు పనికొస్తుంది?

ప్రశ్న: మా బాబుకు 15 ఏళ్లు. పదో తరగతి అయిపోయింది. జిల్లా ఫుట్‌బాల్ జట్టులో మిడ్‌ఫీల్డర్. ఐస్‌లాండ్ లాంటి చిన్న దేశంలో పోటీ తక్కువ, అక్కడ ట్రయల్స్‌కు పంపితే ఏడాదిలో క్లబ్ కాంట్రాక్టు వస్తుందని తెలిసినాయన ఒకరు చెబుతున్నారు. ఎనిమిది లక్షలు అవుతుందట, అడ్వాన్సు కట్టమని రోజూ ఫోన్ చేస్తున్నారు. మావారు పొలం అమ్మైనా పంపుదామంటున్నారు. బాబు ఇంటర్ వద్దంటున్నాడు. నాకు టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు? – ఒక తల్లి, నిజామాబాద్

జవాబు: అమ్మా, ముందు ఆ అడ్వాన్సు కట్టకండి. 18 ఏళ్లు నిండని ఆటగాణ్ని ఒక దేశం నుంచి ఇంకో దేశపు క్లబ్‌కు మార్చడానికి ఫిఫా (ప్రపంచ ఫుట్‌బాల్ సమాఖ్య) నిబంధనలు ఒప్పుకోవు. మినహాయింపులు కొన్నే ఉన్నాయి. తల్లిదండ్రులు ఫుట్‌బాల్‌తో సంబంధం లేని కారణంతో ఆ దేశానికి మారి ఉండాలి. లేదా యూరోపియన్ యూనియన్, యూరోపియన్ ఎకనామిక్ ఏరియా దేశాల మధ్య మార్పు అయితే 16 నిండినా చాలు. ఇవేవీ మీ ఇంటికి వర్తించవు. ట్రయల్స్‌లో మీవాడు అద్భుతంగా ఆడి, కోచ్‌కు ఎంత నచ్చినా, ఆ క్లబ్ వాణ్ని తన ఆటగాడిగా రిజిస్టర్ చేయించుకోలేదు. మీకు ఫోన్ చేస్తున్న పెద్దమనిషికి ఈ సంగతి తెలియదంటే నమ్మడం కష్టం.

ఇక చిన్న దేశంలో పోటీ తక్కువన్న మాట. ఇది చాలామంది తల్లిదండ్రులు అడుగుతున్నారు కాబట్టి కొంచెం వివరంగానే చెబుతాను.

ఐస్‌లాండ్ జనాభా మన కాకినాడ నగరానికి కాస్త అటూ ఇటూ. అంత చిన్న దేశం 2016 యూరో కప్‌లో ఇంగ్లండ్‌ను 2-1తో ఓడించి క్వార్టర్ ఫైనల్‌కు వెళ్లింది. 2018 ప్రపంచ కప్‌కు అర్హత సాధించింది. అప్పటివరకు అంత తక్కువ జనాభా ఉన్న దేశమేదీ ప్రపంచ కప్ ఆడలేదు. అక్కడ చలికాలంలో ఆరుబయట ఆడటం దాదాపు కుదరదు. అందుకే 2000 నుంచి పూర్తి సైజు మైదానాలకు పైకప్పు వేసి పెద్ద పెద్ద హాళ్లు కట్టారు. బడుల పక్కన చిన్న కృత్రిమ గడ్డి మైదానాలు వేశారు. అన్నిటికన్నా ముఖ్యం, ఆరేడేళ్ల పిల్లలకు కూడా శిక్షణ పొంది, జీతం తీసుకునే కోచ్ ఉంటాడు. మన దగ్గర చిన్నపిల్లల్ని సీనియర్ ఆటగాడికో పీఈటీ సారుకో అప్పగిస్తాం, సర్టిఫికెట్ ఉన్న కోచ్‌ను పెద్ద జట్టుకు పెడతాం. వాళ్లు కింది నుంచి మొదలుపెట్టారు. అంటే మీవాడి వయసు ఐస్‌లాండ్ కుర్రాడి వెనక ఎనిమిది తొమ్మిదేళ్ల పద్ధతైన కోచింగ్ ఉంటుంది. వాడితో పోటీ తక్కువ అని ఎలా అనుకుంటాం?

పైగా అక్కడ పుట్టినవాళ్లకు కూడా అక్కడి లీగ్ గమ్యం కాదు. అది తొలి మెట్టు. ఆ జాతీయ జట్టులో దాదాపు అందరూ బయటి దేశాల క్లబ్‌లలో ఆడేవాళ్లే. చాలామంది ముందు నార్వేకో స్వీడన్‌కో డెన్మార్క్‌కో వెళ్తారు. ఐస్‌లాండ్ మిడ్‌ఫీల్డర్ గిల్ఫీ సిగుర్డ్‌సన్ 16 ఏళ్లకు ఇంగ్లండ్‌లోని రెడింగ్ అకాడమీలో చేరాడు. చేరగానే స్టార్ కాలేదు. మధ్యలో ష్రూస్‌బరీ, క్రూ లాంటి చిన్న క్లబ్‌లకు లోన్‌పై (కొంతకాలం అరువుగా) వెళ్లి ఆడాడు. రెడింగ్ మొదటి జట్టులో కుదురుకునే సరికి 20 వచ్చాయి. అతనికి ఆ వయసులో దారి తెరిచింది యూరప్‌లో 16 నిండితే చాలన్న ఆ మినహాయింపే. బ్రెగ్జిట్ (యూరోపియన్ యూనియన్ నుంచి బ్రిటన్ బయటికి రావడం) తర్వాత ఇంగ్లండ్ తలుపు ఐస్‌లాండ్ పిల్లలకు కూడా 18 నిండేదాకా మూసుకుపోయింది.

ఐస్‌లాండ్ ఆటగాడు ఐదుర్ గుడ్‌జాన్సన్ కథ మీవారికి తప్పకుండా చెప్పండి. 1996లో ఎస్టోనియాతో మ్యాచ్‌లో, ఐస్‌లాండ్‌కే ఆడుతున్న అతని తండ్రి మైదానం వదిలి బయటికి వస్తుంటే, ఆయన స్థానంలో 17 ఏళ్ల కొడుకు లోపలికి వెళ్లాడు. అప్పటికే నెదర్లాండ్స్‌లో పీఎస్‌వీ క్లబ్ ఆటగాడు. కొద్ది రోజులకే ఓ జూనియర్ మ్యాచ్‌లో చీలమండ విరిగింది. దాదాపు రెండేళ్లు పోయాయి, పీఎస్‌వీ వదులుకుంది, తిరిగి స్వదేశంలోని క్లబ్‌కు వచ్చి మళ్లీ మొదలుపెట్టాడు. తర్వాత బోల్టన్‌కు ఆడాడు, చెల్సీతో రెండు ప్రీమియర్ లీగ్ టైటిళ్లు గెలిచాడు, ఆపై బార్సిలోనాకు వెళ్లాడు. ఎంత ప్రతిభ ఉన్నా ఆ రెండేళ్లలో అతన్ని నిలబెట్టింది తిరిగి వెళ్లడానికి ఓ ఇల్లు, ఓ క్లబ్ ఉండటం. పొలం అమ్మి పంపిన పిల్లాడు దెబ్బ తగిలితే తిరిగి రావడానికి కూడా భయపడతాడు. ఆ బరువు 15 ఏళ్లవాడి మీద పెట్టొద్దని నా గట్టి మాట.

ఇంకో ముగ్గుర్ని చూడండి. 2018 ప్రపంచ కప్‌లో మెస్సీ పెనాల్టీని ఆపిన గోల్‌కీపర్ హాన్నెస్ హాల్డోర్‌సన్ వృత్తిరీత్యా ఫిల్మ్ డైరెక్టర్. ముప్ఫైకి దగ్గరపడ్డాక గానీ విదేశీ క్లబ్‌కు వెళ్లలేదు. అదే జట్టు డిఫెండర్ బిర్కిర్ మార్ సేవర్‌సన్, నార్వే, స్వీడన్ క్లబ్‌లలో ఏళ్ల తరబడి ఆడి ఇంటికి తిరిగొచ్చి, ప్రపంచ కప్ ఆడిన ఏడాదే ఉప్పు ప్యాక్ చేసే ఫ్యాక్టరీలో పనిచేశాడు. వాళ్ల కోచ్ హెయిమిర్ హాల్‌గ్రిమ్‌సన్ డెంటిస్టు. ఐస్‌లాండ్ లీగ్‌లో ఆడే చాలామందికి ఆట ఒక్కటే బతుకుతెరువు కాదు. పగలు ఉద్యోగమో చదువో, సాయంత్రం ప్రాక్టీసు. ఇంటర్ వద్దంటున్న మీ బాబుకు ఈ ముగ్గురి పేర్లూ ఇచ్చి, వాణ్నే నెట్‌లో చదవమనండి. మనం చెప్తే వినడు గానీ మెస్సీని ఆపినవాడు చెప్తే వింటాడు.

మన దేశం నుంచి యూరప్ వెళ్లలేమా అంటే, వెళ్లినవాళ్లున్నారు. గురుప్రీత్ సింగ్ సంధు ఈస్ట్ బెంగాల్‌కు ఆడి, 2014లో 22 ఏళ్ల వయసులో నార్వేలోని స్టాబెక్ క్లబ్‌కు వెళ్లాడు. 2016లో యూరోపా లీగ్ (యూరప్ క్లబ్‌ల టోర్నీ) క్వాలిఫయింగ్ మ్యాచ్ ఆడి, ఆ టోర్నీలో ఆడిన తొలి భారతీయుడయ్యాడు. ఇక్కడ పేరు తెచ్చుకున్నాక క్లబ్ పిలిచి వీసా పని చూసుకుంటుంది. అది సరైన వరస.

మీకు ఫోన్ చేసే ఆయన్ని రెండు అడగండి. మీకు ఫిఫా ఏజెంట్ లైసెన్స్ ఉందా అని ఒకటి. ఉన్నవాళ్ల పేర్లు ఫిఫా వెబ్‌సైట్లో ఎవరైనా వెతికి చూసుకోవచ్చు. ఏ క్లబ్ పిలుస్తోంది, వాళ్ల అధికారిక మెయిల్ నుంచి మాకు నేరుగా లెటర్ పంపిస్తారా అన్నది రెండోది. నిజమైన ఏజెంటు సంపాదన ఆటగాడి జీతంలో వచ్చే కమిషన్. ట్రయల్స్ పేరుతో ఇంటివాళ్ల దగ్గర ముందే లక్షలు తీసుకోడు.

ఈ మూడేళ్లు ఏం చేయాలంటే, ఏఐఎఫ్ఎఫ్ (అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య) గుర్తింపు ఉన్న అకాడమీల్లో ట్రయల్స్ ఇప్పించండి. హైదరాబాద్‌లో ఐ-లీగ్ ఆడిన శ్రీనిధి డెక్కన్ క్లబ్ ఉంది, అక్కడి యూత్ జట్ల ట్రయల్స్ ఎప్పుడో కనుక్కోండి. రాష్ట్ర జట్టుకు ఎంపికైతే సర్టిఫికెట్లు జాగ్రత్త. రైల్వేలు, పోలీసు శాఖల్లో స్పోర్ట్స్ కోటాకు అవే ఆధారం. 18 నిండాక కోచింగ్ డి-లైసెన్స్ చేయించండి, ఆడుతూనే చేయొచ్చు.

ఇంటర్ మాత్రం తప్పదు, కానీ ఎక్కడ అన్నది చూడాలి. పొద్దున మొదలుపెట్టి రాత్రి స్టడీ అవర్స్ దాకా కూర్చోబెట్టే కార్పొరేట్ కాలేజీలో వేస్తే ఆరు నెలల్లో ఆట పోతుంది. ప్రభుత్వ జూనియర్ కాలేజీ గానీ, మధ్యాహ్నానికి వదిలేసే కాలేజీ గానీ వెతకండి. తర్వాత ఫిజియోథెరపీ వైపు వెళ్లాలనిపిస్తే బైపీసీ ఉండాలి, లేకపోతే సీఈసీ చాలు. అది కూడా కుదరకపోతే ఓపెన్ ఇంటర్ ఉంది. అడ్మిషన్ ఫీజు కట్టే ముందే ప్రిన్సిపాల్‌ను కలిసి, టోర్నమెంట్లకు వెళ్లిన రోజులు హాజరులో ఎలా చూస్తారో అడిగి, ఆ హామీ కాగితం మీద రాయించుకోండి.