సి క్యాంపు అంగళ్లు, మా అవ్వ హోటలు: నాకు తెలిసినంత వరకు

మీరు అడిగింది ఇదీ: మీ తాత కర్నూలు సి క్యాంపు క్వార్టర్సులో ఉండేవారు, అక్కడి షాపింగ్ సెంటర్ గురించీ ఒక హోటల్ గురించీ ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుంటారు, అవి ఎలా వచ్చాయి అని. నేను పుట్టిందీ, పెళ్లయ్యేదాకా పెరిగిందీ ఆ క్వార్టర్సులోనే. మా నాన్న ఇరిగేషన్ శాఖలో గుమాస్తా. అందుకే ఈ ప్రశ్న చూశాక రాయకుండా ఉండలేకపోయాను.

అంగళ్ల కంటే ముందు క్యాంపు సంగతి చెప్పాలి, అది లేకపోతే ఇవి లేవు. 1953 అక్టోబరు 1న మద్రాసు నుంచి విడిపోయి ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది, కర్నూలు రాజధాని అయింది. 1937లో కోస్తా, రాయలసీమ నాయకులు చేసుకున్న శ్రీబాగ్ ఒడంబడికలో రాజధాని, హైకోర్టు రెండింటిలో ఏది కావాలో కోరుకునే హక్కు రాయలసీమకు ఇచ్చారు కదా, దాని ప్రకారమే రాజధాని మనకు వచ్చింది, హైకోర్టు గుంటూరుకు పోయింది. టంగుటూరి ప్రకాశం ముఖ్యమంత్రి. అప్పటి కర్నూలు చిన్న ఊరు, అన్ని ఆఫీసులకు, అంతమంది ఉద్యోగులకు చాలినన్ని కట్టడాలు ఎక్కడివి? డేరాలు వేసి ఆఫీసులు నడిపారు. ఉద్యోగుల కోసమే ఎ క్యాంపు, బి క్యాంపు, సి క్యాంపు పుట్టాయి. ఆ డేరాల వల్లే క్యాంపు అనే పేరు నిలిచిపోయిందని నాన్న తరం వాళ్లు చెప్పేవాళ్లు. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడి రాజధాని హైదరాబాదుకు వెళ్లిపోయింది. మూడేళ్ల ఒక నెల, అంతే. సెక్రటేరియట్ వాళ్లు పెట్టెలు సర్దుకుని పోయారు, క్వార్టర్సు మాత్రం మిగిలాయి. తర్వాత వాటిలోకి జిల్లా ఆఫీసుల వాళ్లు వచ్చారు, మీ తాత, మా నాన్న లాంటివాళ్లు.

మీరు షాపింగ్ సెంటర్ అంటే ఏదో పెద్ద బిల్డింగు అనుకుంటున్నారేమో. నేను ఎరిగినప్పుడు అది మా బ్లాకుల చివర రోడ్డు పక్కన ఒక వరస, అంతే. కిరాణా అంగడి, మంగలి షాపు, ఇస్త్రీ బండి, సైకిల్ రిపేరు, పాల బూత్, నోటు పుస్తకాలు అమ్మే చిన్న గది, చివరన హోటలు. ఒకేసారి కట్టినవి కావు. మొదట కొట్టం, తర్వాత రేకులు, డబ్బులు చేరాక గోడలు, ఆ తర్వాత కింద బేతంచెర్ల బండలు. ఏ అంగడి పాతదో బండలు అరిగినదాన్ని బట్టి చెప్పేయొచ్చు, కిరాణా ముందు నిలబడే చోట బండ గుంట పడిపోయి ఉండేది.

ఆ అంగళ్లు అక్కడే ఎందుకు నిలబడ్డాయంటే, ఒక్కటే కారణం, ఒకటో తారీఖు జీతం. క్వార్టర్సులో ఉన్నవాళ్లకు పక్కన పొలం లేదు, ఇంట్లో ధాన్యం గరిసె లేదు, ఉప్పు దగ్గర్నుంచి కొనాల్సిందే. పాతబస్తీ బజారుకు ప్రతిసారీ పోలేరు. నెలలో ఇరవయ్యో తారీఖు దాటితే ఎవరి చేతిలోనూ డబ్బు ఉండదు. కాబట్టి అప్పు ఇచ్చేవాడే అంగడి నడపగలడు. రెండు ఖాతా పుస్తకాలు ఉండేవి, ఒకటి మా ఇంట్లో, ఒకటి శెట్టి దగ్గర, రెండింట్లోనూ ఒకే లెక్క రాయాలి. నేను పావుకిలో పుట్నాలు తెచ్చినా పుస్తకం తీసుకుపోవాల్సిందే. ఒకటో తారీఖు సాయంత్రం నాన్న ముందు కిరాణాలో కట్టి, తర్వాత పాలవాడికి ఇచ్చి, మిగిలింది అమ్మ చేతిలో పెట్టేవాడు. ఆ రోజు మాత్రం మాకు హోటలు.

హోటలంటే మన కర్నూలు అర్థంలోనే, టిఫిన్లు పెట్టేది. దిగడానికి గదులుండేది కాదు, దాన్ని మేం లాడ్జి అనేవాళ్లం. భార్యాభర్తలు నడిపేవాళ్లు. ఆమెను అందరూ అవ్వ అనేవాళ్లు, అప్పటికి ఆమెకు యాభై కూడా లేవేమో, అయినా అవ్వే. పొద్దున ఐదింటికి కట్టెల పొయ్యి ముట్టించేది. ఉగ్గాని బజ్జీ కోసం బొరుగులు ఒక పెద్ద గంగాళంలో నీళ్లలో వేసి, వెంటనే రెండు చేతులతో పిండి తీసేది, ఒక్క నిమిషం ఆలస్యమైనా ముద్దైపోతాయని ఎవరినీ ఆ పని చేయనిచ్చేది కాదు. తాలింపులో ఎర్రగడ్డలు, పచ్చిమిర్చి, పసుపు, పైన పుట్నాల పొడి, చివర్లో నిమ్మరసం. పక్కన మిరపకాయ బజ్జీ. తొమ్మిదింటికల్లా ఉగ్గాని అయిపోయేది, అందరూ ఆఫీసులకు పోయే లోపే పొద్దుటి వ్యాపారమంతా. మధ్యాహ్నం ఆఫీసులకు క్యారియర్లు పోయేవి. సాయంత్రం చెనక్కాయ చట్నీతో గుంత పొంగనాలు, అది మా పిల్లల టైం.

అక్కడ కూడా ఖాతా ఉండేది, కానీ అవ్వకు చదువు రాదు. గోడ మీద బొగ్గుతో గీతలు పెట్టేది, ఎవరి గీతలు ఏవో ఆమెకే తెలుసు. ఒక్కరితోనైనా లెక్క దగ్గర గొడవ పడటం నేను చూడలేదు.

1983లో ఆ గోడ మీద గీతలున్నవాళ్లలో చాలామంది ఒక్కసారిగా వెళ్లిపోయారు. ఎన్టీఆర్ ప్రభుత్వం వచ్చీ రాగానే ఉద్యోగుల పదవీ విరమణ వయసు 58 నుంచి 55కి తగ్గించింది. ఫిబ్రవరి నెలాఖరుకు 55 దాటినవాళ్లంతా ఇంటికి పోవాల్సి వచ్చింది. మా బ్లాకులోనే నలుగురు. క్వార్టరు ఖాళీ చేయాలి, ఆడపిల్లల పెళ్లిళ్లు కాలేదు, సొంత ఇల్లు లేదు. మా ఎదురింటి పెద్దాయన పోయే ముందు రోజు అవ్వ దగ్గరకు వచ్చి బాకీ మొత్తం కట్టి, చెప్పులు చేత్తో పట్టుకుని వెళ్లిపోవడం నాకు ఇప్పటికీ కళ్ల ముందే ఉంది. అవ్వ ఆ గీతలు తుడవలేదు, చాలా నెలలు అలాగే ఉంచింది. తర్వాత రెండేళ్లలో వయసు మళ్లీ 58 చేశారు గానీ, మా వీధిలో పోయినవాళ్లు మళ్లీ ఆ ఇళ్లకు రాలేదు. మీ తాత ఆ ఏడాదే క్వార్టరు వదిలి ఉంటే కారణం ఇదే అయి ఉండొచ్చు, ఒకసారి ఇంట్లో అడగండి.

ఇంకో పెద్ద మార్పు రైతు బజారు. 1999 జనవరి 26న రాష్ట్రంలో రైతు బజార్లు మొదలయ్యాయి, సి క్యాంపుకు కూడా ఒకటి వచ్చింది. రోజూ పొద్దున ధరలు బోర్డు మీద రాస్తారు, టోకు ధర కంటే ఎక్కువ, బయట అంగడి ధర కంటే తక్కువ, మధ్యలో దళారి లేకుండా రైతే అమ్ముకుంటాడు. ఇప్పుడు సి క్యాంపు సెంటర్ అనగానే చాలామందికి గుర్తొచ్చేది అదే. అది వచ్చాక ఎక్కడెక్కడి నుంచో జనం మా వైపు రావడం మొదలైంది. కిరాణా శెట్టికి మేలు జరిగింది, తోపుడు బండి మీద కూరలమ్మే ఆమె మాత్రం దెబ్బతింది.

2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ కలిసి ఊరిని ముంచినప్పుడు మా వీధికి నీళ్లు రాలేదు. పాతబస్తీ నుంచి మా మేనత్త వాళ్లు ఏడుగురు తడి బట్టలతో నడుచుకుంటూ వచ్చారు. అప్పటికి నేను నంద్యాలలో ఉన్నాను, ఈ మాట అమ్మ చెప్పింది. అవ్వ అప్పటికే బాగా ముసలిదైపోయింది, అయినా కొడుకుతో పొయ్యి వెలిగించి, ఇంట్లో ఉన్న బియ్యమంతా చిత్రాన్నం చేసి వచ్చినవాళ్లందరికీ పెట్టిందట, డబ్బులు తీసుకోలేదట. గోడ మీద గీత కూడా పెట్టలేదు.

ఆ తర్వాత కొన్నేళ్లకు అంగళ్ల వరస రోడ్డు స్థలంలో ఉందని ఒక ఆఫీసు వాళ్లు నోటీసు ఇచ్చారు. సామాన్లు తీసుకోవడానికి మూడు రోజులు. నలభై ఏళ్లు అక్కడ బతికినవాళ్లకు మూడు రోజులు ఇవ్వడం నాకు ఈ రోజుకీ తప్పుగానే అనిపిస్తుంది. శెట్టి కొడుకు సందు లోపల గది అద్దెకు తీసుకున్నాడు, నడుస్తోంది. హోటలు మళ్లీ తెరవలేదు. మా క్వార్టరు పైకప్పు పెచ్చులూడిపోయి ఎవరూ ఉండటం లేదు, పోయిన సంక్రాంతికి వెళ్లి చూసొచ్చాను.

మీ తాత ఉన్న బ్లాకు, క్వార్టరు నంబరు ఇంట్లో ఎవరికైనా గుర్తుంటే ఇక్కడే రాయండి. ఆ వైపు ఏ అంగడి ఉండేదో, ఇప్పుడు ఆ చోట ఏముందో చెప్తాను. అవ్వ కోడలి ఇల్లు కూడా నాకు తెలుసు, మీరు కర్నూలు వస్తే నేనే తీసుకెళ్తాను.